సైఫర్ వెనుక కథ: పాకిస్థాన్‌లో ఉత్తరం బయటపడితే శిక్ష ఎవరికి?

2022 మార్చి 27, ఇస్లామాబాద్ పరేడ్ గ్రౌండ్. ఇసకేస్తే రాలనంత జనం. ఇమ్రాన్ ఖాన్ మాట్లాడుతూ మాట్లాడుతూ జేబులోంచి ఓ కాగితం తీసి పైకెత్తి చూపించారు. నన్ను దించడానికి బయటి దేశం నుంచి కుట్ర జరుగుతోంది, రుజువు ఇదిగో అన్నారు. అందులో ఏముందో మాత్రం చదవలేదు. సరిగ్గా రెండు వారాలకు ఆయన ప్రధాని పదవి పోయింది. రెండేళ్లు తిరక్కుండానే ఆ కాగితం మీద పెట్టిన కేసులో పదేళ్ల జైలుశిక్ష పడింది.

మన దగ్గర చాలామంది దీన్ని ఇమ్రాన్‌కూ అమెరికాకూ మధ్య గొడవగానే చూశారు. కానీ కాస్త వెనక్కి వెళ్తే పాకిస్థాన్‌లో ఇలాంటి ఉత్తరాల కథలు చాలానే కనిపిస్తాయి, ప్రతిసారీ నలిగిపోయింది జనం ఓటేసి గెలిపించినవాళ్లే.

ముందు ఈ సైఫర్ అంటే ఏంటో చెప్పాలి. విదేశంలో ఉన్న రాయబారి అక్కడి అధికారులతో ఏదైనా ముఖ్యమైన విషయం మాట్లాడితే, ఆ మాటల్ని సంకేత భాషలోకి మార్చి సొంత దేశానికి పంపిస్తారు. సొంత దేశపు విదేశాంగ శాఖలో దాన్ని విప్పి, లెక్కగా కొన్ని కాపీలే తీస్తారు. ప్రధానికి ఒకటి, సైన్యాధిపతికి ఒకటి, ఇలా. చదివాక తిరిగి ఇచ్చేయాలి. 2022 మార్చి 7న వాషింగ్టన్‌లో పాక్ రాయబారి అసద్ మజీద్ ఖాన్, అమెరికా విదేశాంగ శాఖలో దక్షిణాసియా వ్యవహారాలు చూసే డొనాల్డ్ లూను భోజనానికి పిలిచారు. అక్కడ నడిచిన మాటలే ఈ సైఫర్. అప్పటికి పదకొండు రోజుల ముందు, రష్యా యుక్రెయిన్ మీదకి సైన్యాన్ని పంపిన రోజే, ఫిబ్రవరి 24న, ఇమ్రాన్ మాస్కోలో ఉన్నారు. అమెరికాకు ఒళ్లు మండింది. భోజనం జరిగిన మర్నాడే, మార్చి 8న, ఇస్లామాబాద్‌లో ప్రతిపక్షాలు అవిశ్వాస తీర్మానం ఇచ్చాయి.

ఇదంతా అర్థం కావాలంటే మొదటి నుంచి చూడాలి. అమెరికాతో పాకిస్థాన్ సంబంధం మొదటి నుంచీ సైన్యం చేతుల మీదుగానే నడిచింది. 1953లో సైన్యాధిపతి అయూబ్ ఖాన్ స్వయంగా వాషింగ్టన్ వెళ్లి ఆయుధాల సాయం అడిగారు. 1954లో ఒప్పందం కుదిరింది, అదే ఏడాది ఆయన సైన్యాధిపతిగా ఉంటూనే రక్షణ మంత్రి కూడా అయ్యారు. 1958లో దేశమే ఆయన చేతికొచ్చింది. పైనున్న ప్రధానిని పక్కనబెట్టి నేరుగా జనరల్‌తో మాట్లాడటం అమెరికన్లకు అలా అలవాటైంది, ప్రధానిని పక్కనబెట్టడం జనరళ్లకూ అలాగే అలవాటైంది. అక్కడి జనం సైన్యాన్ని పేరు పెట్టి అనరు, 'ఎస్టాబ్లిష్‌మెంట్' అంటారు. లేదా పిండి అంటారు, అంటే సైనిక ప్రధాన కార్యాలయం ఉన్న రావల్పిండి. ఇస్లామాబాద్ పక్కనే ఉంటుంది ఆ ఊరు.

ఇమ్రాన్ కంటే 45 ఏళ్ల ముందే ఒక ప్రధాని కాగితం పైకెత్తి చూపించారు. 1977 మార్చి ఎన్నికల్లో రిగ్గింగ్ జరిగిందని ప్రతిపక్షాలు వీధుల్లోకి వచ్చాయి. జుల్ఫికర్ అలీ భుట్టో ఏప్రిల్ 28న పార్లమెంటులో, ఇది నా మీద పెద్ద అంతర్జాతీయ కుట్ర అన్నారు. అమెరికా దౌత్యాధికారులు ఫోన్లో 'పార్టీ అయిపోయింది' అని మాట్లాడుకున్నారని కూడా చెప్పారు. తర్వాత రావల్పిండి రాజా బజార్‌లో జీపు మీద నిలబడి, అమెరికా విదేశాంగ మంత్రి సైరస్ వాన్స్ రాసిన ఉత్తరాన్ని జనానికి చూపించారు. జులై 5న జియా ఉల్ హక్ ఆయన్ని దించేశారు, భుట్టో ఏరికోరి సైన్యాధిపతిని చేసిన జియానే. 1979 ఏప్రిల్ 4న రావల్పిండి జైల్లోనే భుట్టోను ఉరి తీశారు.

తర్వాత 2010 చివర్లో వికీలీక్స్ బయటపెట్టిన అమెరికా కేబుళ్లు, అంటే రాయబారులు తమ దేశానికి పంపిన దౌత్య సందేశాలు. నా దృష్టిలో సైన్యం పట్టు ఎంతటిదో వీటికి మించి చూపించే కాగితాలు లేవు. 2009 మార్చిలో సైన్యాధిపతి కయానీ అమెరికా రాయబారి ఆన్ ప్యాటర్సన్‌తో, అధ్యక్షుడు జర్దారీని రాజీనామాకు ఒప్పించాల్సి రావచ్చేమో అన్నారట, ఆ స్థానంలో అవామీ నేషనల్ పార్టీ నేత అస్ఫంద్‌యార్ వలీ ఖాన్ పేరు కూడా చెప్పారట. ఎన్నికైన అధ్యక్షుణ్ని ఎప్పుడు దించాలి, ఎవర్ని కూర్చోబెట్టాలి అనే మాట ఒక జనరల్ పరాయి దేశపు రాయబారితో మాట్లాడటమేంటి అని అప్పుడు ఎవరైనా విచారణ వేశారా? వేయలేదు. అవే కేబుళ్లలో ప్రధాని గిలానీ బండారం కూడా బయటపడింది. డ్రోన్ దాడులు చేసుకోండి, మేం పార్లమెంటులో గొడవ చేస్తాం, తర్వాత పట్టించుకోం అని ఆయన అన్నట్టు ఉంది. దాడుల్లో పోయింది గిరిజన ప్రాంతాల్లోని జనం. వాళ్లకు తమ ప్రధాని రెండు నాలుకలతో మాట్లాడుతున్నారని తెలిసింది వికీలీక్స్ వల్లే, ఈ ముక్క చదివినప్పుడల్లా నాకు కోపం ఆగదు.

2011 మే 2న అబోటాబాద్‌లో ఒసామాను చంపారు. సైన్యం పరువు పోయింది. ఆ రోజుల్లోనే పాక్ ప్రభుత్వం తరఫున అన్నట్టుగా ఓ రహస్య మెమో అమెరికా సైనిక దళాల పెద్ద అడ్మిరల్ మైక్ ముల్లెన్‌కు చేరింది. సైన్యం మా ప్రభుత్వాన్ని కూలుస్తుందేమో, ఆపండి, బదులుగా భద్రతా వ్యవస్థనే మార్చేస్తాం అన్నది దాని సారాంశం. అక్టోబర్‌లో మన్సూర్ ఇజాజ్ అనే వ్యాపారవేత్త ఓ లండన్ పత్రికలో దీని గురించి రాయడంతో గుట్టు రట్టయింది. రాయించింది అమెరికాలో పాక్ రాయబారి హుస్సేన్ హక్కానీయేనన్నారు. నేను కాదని ఆయన అన్నారు, ఇప్పటికీ అంటారు. నవంబర్ 22న రాజీనామా చేయక తప్పలేదు. కయానీ, ఐఎస్ఐ అధిపతి షుజా పాషా తమ ప్రభుత్వాన్ని దాటి నేరుగా సుప్రీంకోర్టుకు అఫిడవిట్లు ఇచ్చారు. అది రాజ్యాంగ విరుద్ధం అని గిలానీ అంటే, తీవ్ర పరిణామాలు ఉంటాయని సైన్యం ప్రకటన ఇచ్చింది. 2012 జనవరిలో గిలానీ రక్షణ కార్యదర్శిని తీసేశారు, ఆ ఏడు జూన్‌లో కోర్టు ధిక్కారం కేసులో ఆయన పదవే పోయింది. ఈ మెమో మీద సుప్రీంకోర్టుకు వెళ్లినవాళ్లలో అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న నవాజ్ షరీఫ్ ఉన్నారు, నల్లకోటు వేసుకుని మరీ వెళ్లారు. ఆ పని చేయకుండా ఉండాల్సిందని 2018లో ఆయనే ఒప్పుకున్నారు.

ఎందుకు ఒప్పుకున్నారంటే, ప్రధాని అయ్యాక దెబ్బ ఆయనకూ తగిలింది. 2016 అక్టోబర్ 6న డాన్ పత్రికలో సిరిల్ అల్మైడా ఓ వార్త రాశారు. ఉగ్రవాద ముఠాల మీద చర్య తీసుకోకపోతే దేశం ఒంటరైపోతుందని ప్రభుత్వ పెద్దలు ఓ సమావేశంలో సైన్యానికి గట్టిగా చెప్పారన్నది ఆ వార్త. ఉరీ దాడి జరిగి మూడు వారాలు కూడా కాలేదు. సైన్యం అది కల్పిత కథ అంది, మళ్లీ జాతీయ భద్రతకు భంగం, లీక్ చేసిందెవరో తేల్చాలి అంది. కల్పితమైతే లీక్ ఎలా అవుతుంది? ఈ ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. విలేకరి దేశం దాటకుండా జాబితాలో పెట్టారు, సమాచార మంత్రి పర్వేజ్ రషీద్ పదవి పోయింది, తర్వాత విదేశాంగ వ్యవహారాల్లో ప్రధాని సహాయకుడు తారిక్ ఫాతెమీ పదవి పోయింది. 2017 ఏప్రిల్‌లో ఈ లీక్ మీద ప్రధాని కార్యాలయం ఇచ్చిన ఉత్తర్వును సైన్యం ప్రతినిధి ఒక ట్వీట్‌తో 'తిరస్కరిస్తున్నాం' అన్నారు. ప్రధాని కార్యాలయం ఉత్తర్వును ఓ మేజర్ జనరల్ ట్వీట్‌తో కొట్టేయడం. పదకొండు రోజుల తర్వాత ట్వీట్ వెనక్కి తీసుకున్నారు గానీ జూలైలో పనామా పేపర్ల అవినీతి కేసులో నవాజ్ పదవి పోనే పోయింది.

అప్పుడు నవాజ్ మీద గట్టిగా విరుచుకుపడినవాళ్లలో ఇమ్రాన్ ఒకరు. 2018లో ఆయన ప్రధాని అయ్యాక, తానూ సైన్యమూ ఒకే పేజీలో ఉన్నామన్న మాట మూడేళ్లు మోగింది, ప్రతిపక్షంలోని బిలావల్ భుట్టో మాత్రం ఆయన్ని 'సెలెక్టెడ్' ప్రధాని అనేవారు. 2021 అక్టోబర్‌లో ఐఎస్ఐ కొత్త అధిపతిని సైన్యం ప్రకటిస్తే ఇమ్రాన్ దాదాపు మూడు వారాలు సంతకం పెట్టలేదు. ఆ పేజీ అక్కడే చిరిగింది.

సైఫర్‌లో నిజంగా ఏముందో 2023 ఆగస్టులో ఇంటర్‌సెప్ట్ అనే అమెరికన్ వార్తా సంస్థ బయటపెట్టింది, ఇచ్చింది పాక్ సైన్యంలోని మనిషే అని చెప్పింది. ఆ పాఠం ప్రకారం లూ అన్న మాట: ప్రధాని మీద అవిశ్వాసం నెగ్గితే వాషింగ్టన్ అన్నీ క్షమించేస్తుంది, లేకపోతే ముందు ముందు కష్టమే. కుట్ర ఆరోపణ అబద్ధమని అమెరికా అంటూనే ఉంది, 2024 మార్చిలో లూ తమ చట్టసభ ముందూ అదే చెప్పారు. నా మట్టుకు నాకు రెండూ కనిపిస్తాయి. అది దౌత్యంలో అనకూడని మాట, ఒత్తిడే. కానీ అంతమాత్రాన ఇమ్రాన్‌ను దించింది అమెరికా అయిపోదు. సైన్యం అండ తీసేశాక మిత్రపక్షాలు జారిపోయాయి, ఏప్రిల్ 10 అర్ధరాత్రి దాటాక 174 ఓట్లతో పడిపోయారు. ఈ కాగితంతో ఆడుకుందాం అని ఇమ్రాన్ తన కార్యదర్శితో అంటున్నట్టున్న ఆడియో కూడా తర్వాత లీకైంది. తన దగ్గరున్న కాపీ ఎక్కడో పోయిందని ఆయనే చెప్పారు.

పదవి దిగిపోయే ముందు, 2022 నవంబర్‌లో, సైన్యాధిపతి బజ్వా 70 ఏళ్లుగా సైన్యం రాజకీయాల్లో వేలు పెట్టిందనీ అది రాజ్యాంగ విరుద్ధమనీ సభలో నిలబడి చెప్పారు. దాని మీద ఏ కేసూ లేదు. కేసు ఇమ్రాన్ మీద, ఆయన విదేశాంగ మంత్రి షా మహమూద్ ఖురేషీ మీద, 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద. బ్రిటిష్ వాళ్లు చేసిన చట్టం, మన దేశంలోనూ ఇప్పటికీ ఉంది. ఆ చట్టానికి తెచ్చిన సవరణ మీద నేను సంతకమే చేయలేదని 2023 ఆగస్టులో అధ్యక్షుడు ఆరిఫ్ అల్వీ ట్వీట్ చేస్తే కూడా అది చట్టమై కూర్చుంది. విచారణ అడియాలా జైల్లోనే నడిపారు. భోజనానికి పిలిచిన అసద్ మజీద్ సాక్షిగా వచ్చి, తన సైఫర్‌లో కుట్ర అనే మాట లేదన్నారు, అప్పటికి ఆయన, ఇమ్రాన్ తర్వాత ప్రధాని అయిన నవాజ్ తమ్ముడు షహబాజ్ ప్రభుత్వంలో విదేశాంగ కార్యదర్శిగా పనిచేసి ఉన్నారు. ఎన్నికలకు తొమ్మిది రోజుల ముందు, 2024 జనవరి 30న శిక్ష వేశారు. జూన్ 3న ఇస్లామాబాద్ హైకోర్టు దాన్ని కొట్టేసింది. వేరే కేసులు ఉండటంతో ఇమ్రాన్ జైలు నుంచి బయటికి రాలేదు.

2025 మేలో సైన్యాధిపతి ఆసిం మునీర్‌కు ఫీల్డ్ మార్షల్ హోదా ఇచ్చారు, అయూబ్ ఖాన్ తర్వాత ఆయనే. నవంబర్‌లో 27వ రాజ్యాంగ సవరణతో మూడు దళాల మీదా పెత్తనం, జీవితాంతం కేసుల నుంచి రక్షణ కూడా వచ్చాయి. ఆ సవరణకు ఓటేసిన ప్రధాన పార్టీలు రెండు, ఒకటి నవాజ్ షరీఫ్‌ది, ఇంకోటి భుట్టో పెట్టింది.