ఎండ తగలని చోట ఋతువులు

మనిషి శరీరంలో ఎండా వానా చలీ నేరుగా చేరలేని చోటు ఏదైనా ఉందంటే అది పేగు. బయట మంచు కురుస్తున్నా, వడగాలి వీస్తున్నా దాని లోపలి ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెల్సియస్‌కు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. అక్కడికి వెలుతురు చొరబడదు, గాలి సోకదు. అయినా కాలం మారినప్పుడల్లా కడుపు ఏదో ఒక రకంగా మొరాయించడం చాలామందికి అనుభవమే. కాలం మారింది కాబట్టి కడుపు పాడైందని సరిపెట్టుకోవడం తేలికే కానీ, అంత భద్రంగా మూసి ఉన్న గొట్టంలోకి ఋతువు ఏ దారిన ప్రవేశిస్తోందన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

అన్నిటికన్నా పెద్ద దారి తిండి. సగటు మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో రాన్ సెండర్, షాయ్ ఫక్స్, రాన్ మిలో అనే శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. వాటిలో అత్యధిక భాగం పెద్దపేగులోనే ఉంటాయి. మన కణాలకన్నా అవి పది రెట్లు ఎక్కువని ఎంతోకాలం చెప్పుకున్న మాట ఆ లెక్కతో వీగిపోయింది కానీ, మన సొంత కణాలు 30 లక్షల కోట్లే కాబట్టి ఇప్పటికీ మొగ్గు వాటివైపే ఉంది. మనం అరిగించుకోలేని పీచు పదార్థమే వాటికి ప్రధానమైన ఆహారం. పీచును పులియబెట్టి అవి తయారుచేసే బ్యూటిరేట్ అనే ఆమ్లం పెద్దపేగు లోపలి పొర కణాలకు ముఖ్యమైన ఇంధనం. పీచు అందని రోజుల్లో వాటిలో కొన్ని జాతులు పేగు గోడకు రక్షణగా ఉండే జిగట పొరనే తినడం మొదలుపెడతాయి. ఏ కాలంలో ఏ పండ్లు, ఏ కూరగాయలు, ఏ దుంపలు దొరుకుతాయన్నదాన్ని బట్టి ఈ జీవుల్లో కొన్ని పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి. అందుకు నెలలు అక్కరలేదు. పూర్తిగా మాంసాహారమో పూర్తిగా శాకాహారమో పెట్టి చూసిన ప్రయోగంలో పేగు బ్యాక్టీరియా పొందిక ఒకటి రెండు రోజుల్లోనే మారడం 2014లో వెల్లడైంది.

ఋతువుతో పాటు పేగులోని జీవలోకం ఎంతగా మారగలదో చూపే ఉదాహరణ టాంజానియాలోని హాద్జా ప్రజలది. వేటాడి, ఏరుకుని తినే వారి జీవితంలో ఎండాకాలమంటే మాంసం, వానాకాలమంటే తేనె, అడవి పండ్లు. వారి మల నమూనాలను ఋతువుల వారీగా పరిశీలించిన పరిశోధకులు 2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఎండాకాలంలో సమృద్ధిగా ఉన్న కొన్ని బ్యాక్టీరియా కుటుంబాలు వానాకాలానికి పరీక్షకు అందనంతగా క్షీణించి, మళ్లీ ఎండాకాలం రాగానే తిరిగి కనిపించాయి. ఇలా వచ్చిపోయే జాతులే పారిశ్రామిక నగరాల్లో బతికే మనుషుల పేగుల్లో చాలా అరుదు. ఏడాది పొడవునా ఒకే రకం తిండి దొరకడం వల్ల మనకు కలిగిన సౌకర్యం సంగతి అలా ఉంచితే, ఋతువు వెంట నడిచే అలవాటు మన పేగుకు చాలావరకు తప్పిందనే అనుకోవాలి. అయితే పూర్తిగా తప్పలేదు. అమెరికాలో ఉమ్మడి వ్యవసాయ క్షేత్రాల్లో జీవించే హటరైట్ సమాజానికి చెందిన 60 మందిని పరిశీలించినప్పుడు కూడా, తాజా కూరగాయలు, పండ్లు పుష్కలంగా దొరికే వేసవికీ, అవి తగ్గే చలికాలానికీ మధ్య బ్యాక్టీరియా నిష్పత్తుల్లో స్పష్టమైన తేడా కనిపించింది.

ఈ మార్పులు రోగం కావన్న సంగతిని ఇక్కడ నొక్కి చెప్పాలి. కాలం మారగానే పేగును "శుభ్రం" చేసుకోవాలంటూ అమ్ముడుపోయే పొడులకూ పానీయాలకూ ఈ పరిశోధనల్లో ఏ ఆధారమూ లేదు. ప్రకృతిలో ఈ మార్పు జీవికి మేలే చేసిన సందర్భాలున్నాయి. శీతాకాలమంతా తిండి లేకుండా నిద్రాణ స్థితిలో గడిపే ఒక జాతి నేల ఉడుతల పేగుల్లోని బ్యాక్టీరియా, మూత్రంలో పోవలసిన యూరియాను విడగొట్టి, అందులోని నత్రజనిని తిరిగి ఉడుత కండరాలకు పనికివచ్చేలా అందిస్తాయని 2022లో తేలింది. నెలల తరబడి కదలకపోయినా వాటి కండరాలు పెద్దగా కరగకపోవడానికి ఇదొక కారణం.

రెండో దారి ఒంట్లోని రక్తమూ నీరూ. విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె పంపే రక్తంలో దాదాపు నాలుగో వంతు జీర్ణావయవాలకు వెళ్తుంది. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు వేడిని బయటికి పంపడానికి శరీరం ఆ రక్తాన్ని చర్మం వైపు మళ్లిస్తుంది. ఎండలో శ్రమ కూడా తోడైతే పేగుకు అందే రక్తం మరింత పడిపోతుంది. రక్తం చాలని పేగు గోడలో కణాల మధ్య బిగువు సడలి, లోపల ఉండవలసిన బ్యాక్టీరియా విషాలు రక్తంలోకి జారతాయి. వడదెబ్బ ముదిరినప్పుడు ఒళ్లంతా వాపు ప్రక్రియ చెలరేగడంలో ఈ లీకేజీకి పెద్ద పాత్రే ఉంది. అంత దాకా పోని రోజుల్లో వేడి చేసే పని మలబద్ధకం. ఆహారం, పానీయాలు, జీర్ణరసాలు అన్నీ కలిపి రోజుకు సుమారు 9 లీటర్ల ద్రవం పేగులోకి వస్తే, అందులో 100 నుంచి 200 మిల్లీలీటర్లు మాత్రమే మలంతో బయటికి పోతుంది. చెమటగా ఎంతో నీరు పోగొట్టుకున్న శరీరం పెద్దపేగులో మిగిలిన ఆ కాస్తను కూడా పిండుకోవడానికి చూస్తుంది. చలికాలంలోనూ ఇదే ఇబ్బంది వస్తుంది కానీ కారణం వేరు: దాహం వేయదు కాబట్టి నీళ్లు తాగరు, చలికి కదలికా తగ్గుతుంది.

ఇక మూడో దారి బయటి క్రిములది. ఎక్కువమందిని మంచాన పడేసేది ఇదే. వేసవి మధ్యాహ్నం మూత పెట్టి పొయ్యి గట్టున వదిలేసిన ఒక గిన్నెను ఊహించుకుందాం. అనుకూలమైన వెచ్చదనంలో కొన్ని బ్యాక్టీరియా 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. గిన్నెలో పడింది ఒక్కటే అనుకున్నా గంటకు 8, మూడు గంటలకు 512, ఏడు గంటలకు దాదాపు 21 లక్షలు. అదే గిన్నె ఫ్రిజ్‌లో ఉంటే ఈ లెక్క ఎక్కడో తొలి మెట్టులోనే ఆగిపోయేది. కలుషితాహారం ద్వారా సోకే సాల్మొనెల్లా బ్యాక్టీరియా కేసులు చాలా దేశాల్లో వేసవిలోనే పెరగడానికి ఈ లెక్కే ముఖ్య కారణం. మళ్లీ మరిగిస్తే సరిపోతుందనుకోవడం అన్నివేళలా చెల్లదు. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. చల్లారుతున్న వంటకంలో అవి మొలకెత్తి వదిలే వాంతుల విషం రెండోసారి వేడిచేసినా విరిగిపోదు.

చలికాలంలో రంగంలోకి దిగేవి వైరస్‌లు. 1968లో అమెరికాలోని నార్వాక్ పట్టణంలో ఒక బడిలో చెలరేగిన వాంతుల వ్యాధి వల్ల ఆ పేరుతోనే గుర్తింపు పొందిన నోరోవైరస్ చల్లని వాతావరణంలో వస్తువుల మీద చాలా రోజులు నిలిచి ఉంటుంది. కిటికీలు మూసుకుని అందరూ ఒకచోట చేరే కాలం దానికి కలిసొస్తుంది. కొద్ది పదుల కణాలు నోట్లోకి చేరినా జబ్బు చేస్తుంది, పైగా ఆల్కహాల్ శానిటైజర్‌కు అంతగా లొంగదు. సబ్బుతో రుద్ది నీళ్లతో కడుక్కోవడమే దానికి తగిన విరుగుడు. వానాకాలం కథ మరో రకం. ఎండాకాలమంతా నేల మీద పేరుకున్న మలినాన్ని తొలి వానలు ఒక్కసారిగా కడిగి బావుల్లోకీ చెరువుల్లోకీ చేరుస్తాయి; పగిలిన తాగునీటి గొట్టాల్లో సరఫరా ఆగి పీడనం తగ్గినప్పుడు చుట్టూ నిలిచిన మురుగునీరు లోపలికి ఇంకుతుంది. కలరా, టైఫాయిడ్, హెపటైటిస్ ఎ, ఇ వ్యాపించేది ఈ నీటి వల్లనే.

ఏ కాలంలో వచ్చిన విరేచనాలైనా ప్రాణం మీదికి తెచ్చేది క్రిమికన్నా ఎక్కువగా నీరు పోవడం. పేగు గోడలో సోడియం, గ్లూకోజ్ రెండూ జంటగా లోపలికి వెళ్లే ద్వారం ఉందని 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించారు. ఆ జంట వెంటే నీరూ వెళ్తుంది. చాలా రకాల విరేచనాల్లో మిగతా దారులు దెబ్బతిన్నా ఈ ద్వారం పనిచేస్తూనే ఉంటుంది కాబట్టే, ఉప్పూ పంచదారా సరైన పాళ్లలో కలిసిన ఓఆర్ఎస్ ఉత్త నీళ్లకన్నా మెరుగ్గా ఒంటికి పడుతుంది. విరేచనాలు కట్టాక కూడా చిన్నపేగు వెంటనే మునుపటిలా కాదు. పాలలోని చక్కెరను విరగగొట్టే లాక్టేజ్ అనే ఎంజైమ్ పేగు లోపలి సన్నటి వేళ్లలాంటి చూషకాల కొసల మీద ఉంటుంది. జబ్బులో ముందుగా రాలిపోయేవి ఆ కొసలే. మామూలుగా పేగు పొర మూడు నుంచి ఐదు రోజుల్లో కొత్తదవుతుంది కానీ, దెబ్బతిన్న చూషకాలు పూర్తిగా ఎదిగి ఎంజైమ్ తయారుచేయడానికి మరికొన్నాళ్లు పట్టవచ్చు. ఈలోగా పాలు తాగితే కడుపు ఉబ్బి మళ్లీ విరేచనమైతే, జబ్బు తిరగబెట్టిందని కంగారుపడి మందు బిళ్లలు మింగేవారు ఎందరో.