ఆశ్రమానికి పన్నేమిటి? అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ట్రస్టుల లెక్కలు చూసే ఆడిటర్‌ని నేను. భజన మందిరాలవాళ్లు, ఆశ్రమాలవాళ్లు, పాస్టర్లు, దర్గా కమిటీల పెద్దలు అందరూ వస్తారు. అందరి భయాలూ ఒకటే.

అపోహ: దేవుడి డబ్బుకు పన్ను లేదు, ఇక లెక్కలెందుకు?

వాస్తవం: మినహాయింపు దానంతటది రాదు. ట్రస్టును ఆదాయపు పన్ను శాఖ దగ్గర రిజిస్టర్ చేయించాలి. మామూలుగా ఆ ఏడాది ఆదాయంలో కనీసం 85 శాతం ట్రస్టు ఆశయాలకే ఖర్చు పెట్టాలి. చిత్తూరు వైపు ఒక ఆశ్రమంలో చందాలన్నీ స్వామీజీ సొంత ఖాతాలో పడేవి. ఆయన పైసా వాడుకోలేదు, అంతా అన్నదానానికే పోయింది. అయినా ఖాతా ఆయన పేరున ఉంది కాబట్టి నోటీసు ఆయనకే వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, బియ్యం కొట్టు రసీదులు గోనెసంచిలో వేసుకుని నా ఎదురుగా కూర్చున్నారు. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. అందుకే ఇప్పుడు ఎవరొచ్చినా నా మొదటి ప్రశ్న, ఖాతా ఎవరి పేరున ఉంది?

అపోహ: హుండీలో పడే, పేరు తెలియని డబ్బుకు 30 శాతం పన్ను.

వాస్తవం: పూర్తిగా మతపరమైన ట్రస్టుకు అది వర్తించదు. మతంతో సంబంధం లేని సేవా ట్రస్టులకే, అదీ పరిమితి దాటితేనే. మతం, సేవ రెండూ ఉన్న ట్రస్టుకు బడి కోసమో ఆసుపత్రి కోసమో అని చెప్పి పేరు లేకుండా ఇస్తే మాత్రం పన్ను పడుతుంది.

అపోహ: లెక్కలు అడిగితే మత స్వేచ్ఛ పోయినట్టే.

వాస్తవం: రాజ్యాంగం 25వ అధికరణ మనస్సాక్షి స్వేచ్ఛను అందరికీ ఇచ్చింది, ఏ మతమూ వద్దనుకునేవాళ్లకు కూడా. 26వది మత వ్యవహారాలను ఆ సంప్రదాయం వాళ్లకే వదిలి, ఆస్తుల నిర్వహణ మాత్రం చట్ట ప్రకారం ఉండాలంది. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను స్పష్టం చేసింది. అంతేకాదు, గుళ్లు, మఠాల నిర్వహణ మీద మద్రాసు రాష్ట్రం చేసిన చట్టం మఠాల మీద వేసిన వార్షిక వసూలు ఫీజు కాదు, పన్నేనని, అలాంటి పన్ను వేసే అధికారం రాష్ట్రానికి లేదని కొట్టేసింది. 1953 అక్టోబరు దాకా మన చిత్తూరు కూడా ఆ మద్రాసు రాష్ట్రంలోదే. ప్రభుత్వం హద్దు దాటితే కోర్టు ఆపుతుందని నేను ధైర్యం చెప్పేది ఈ తీర్పు చూపించే.

అపోహ: సన్యాసం తీసుకుంటే జీతానికి పన్ను కట్టక్కర్లేదు.

వాస్తవం: ఎయిడెడ్ స్కూళ్లలో పాఠాలు చెప్పే క్రైస్తవ నన్‌ల, ఫాదర్ల జీతంలో టీడీఎస్ (జీతం చేతికివ్వకముందే పట్టుకునే పన్ను) కోయాల్సిందేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ జీతమంతా తమ సంఘానికే ఇచ్చేసినా సరే.