ఓడ విమానం నేలకు దిగితే: అపోహలు - వాస్తవాలు

తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటి మిద్దె మీద ఒక రేకుల షెడ్డు ఉంది. నేవీలో విమానాల బాడీ పని చేసి రిటైరై వచ్చాక అక్కడే కూర్చుని చెక్కతో, ప్లాస్టిక్ షీటుతో విమానాల నమూనాలు చేస్తున్నాను. ఆదివారాలు పాలిటెక్నిక్ పిల్లలు వస్తారు. ఈ ఏడాది మేం చేస్తున్నది లోకంలో ఎక్కడా లేని విమానం. పేరు లకుముకి. మేం అల్లుకున్న కథలో అది విమానవాహక నౌక కోసం పుట్టిన ఫైటర్. కొన్నేళ్లకు ఓడకు కొత్త విమానాలొచ్చాయి. దీన్ని ఒడ్డుకు దించి, నేల మీది లక్ష్యాలను కొట్టే పనికి మార్చారు.

పేరు పిల్లలు పెట్టిందే. లకుముకి అంటే చెరువులో చేపను పట్టే పిట్ట అని అందరికీ తెలుసు. కానీ తెల్ల రొమ్ము లకుముకి నీళ్లకు చాలా దూరంలో, కరెంటు తీగ మీద కూర్చుని మిడతల్నీ తొండల్నీ కూడా పడుతుంది. చిత్తూరు పక్క చేలల్లో తిరిగినవాళ్లు చూసే ఉంటారు. ఇంతకంటే సరైన పేరు నాకైతే తట్టలేదు.

ఈ నమూనా చూడ్డానికి వచ్చినవాళ్లు అనే మాటల్లో కొన్ని పదే పదే వినిపిస్తున్నాయి. వాటికి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: లేని విమానమే కదా, ఏం పెట్టినా అడిగేవాళ్లు లేరు.

వాస్తవం: లేని విమానానికే లెక్క ఎక్కువ కావాలి. ఉన్న విమానానికి రెక్క మీద ఒక ఉబ్బు ఉంటే, అదెందుకుందో తెలియకపోయినా ఫొటో చూసి చేసేయవచ్చు. లేనిదానికి ఫొటో లేదు. ప్రతి ఉబ్బుకూ, ప్రతి మూతకూ కారణం మనమే చెప్పాలి. మా దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. ఎడమ పక్క పేజీలో ఏం మార్చామో, కుడి పక్క పేజీలో ఎందుకు మార్చామో రాస్తాం. కుడి పేజీ ఖాళీగా ఉంటే ఎడమ పేజీలోది కొట్టేయాల్సిందే. పిల్లలు ఎంతో ఇష్టపడి గీసిన మూడో ఫిరంగి అట్లాగే పోయింది.

అపోహ: బాంబులు తగిలిస్తే ఫైటర్ కాస్తా నేల దాడి విమానం అయిపోతుంది.

వాస్తవం: అందరికంటే ఎక్కువమంది అనేది ఇదే. దీనికి మేం ఎప్పుడూ చూసుకునే పాఠం కోర్సెయిర్. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళం కోసం వాట్ కంపెనీ చేసిన ఫైటర్ అది. కొరియా యుద్ధం నాటికి దాన్నే నేల దాడి కోసం మార్చి ఏయూ-1 అనే రకం తయారుచేశారు. మొత్తం 111 మాత్రమే చేశారు. అందులో ఏమేం మారాయో చూడండి. పైలట్ చుట్టూ, ఇంజిన్ చుట్టూ కవచం పెరిగింది. రెక్కల మొదట్లో ఉండే ఆయిల్ కూలర్లను, అంటే ఇంజిన్ ఆయిల్‌ను చల్లార్చే భాగాలను, లోపలికి జరిపారు. ఎందుకంటే కింద పొలంలో నిలబడి తుపాకీ పేల్చేవాడి గుండు తగిలేది ముందు అక్కడే. ఆయిల్ కారిపోతే ఇంజిన్ బిగుసుకుపోవడానికి ఎంతోసేపు పట్టదు.

నాకు అన్నిటికంటే నచ్చేది మూడో మార్పు. ఎత్తున గాలి పలచగా ఉంటుంది కాబట్టి ఫైటర్ ఇంజిన్‌కు గాలిని రెండు దశల్లో నొక్కి పంపే సూపర్‌చార్జర్ ఉండేది. ఏయూ-1లో దాన్ని తీసి ఒకే దశది పెట్టారు. ఇక ఎత్తుకు పోయే పనే లేదు, నేలకు దగ్గర గాలి చిక్కగానే ఉంటుంది. అంటే ఈ విమానం ఫైటర్‌గా తనకున్న గొప్పను తెలిసి తెలిసి వదులుకుంది. ఫ్రాన్స్ నౌకాదళం 1954లో ఇండోచైనాలో వాడింది ఈ ఏయూ-1లనే.

"సార్, అయితే మన లకుముకి కూడా ఏదో ఒకటి వదులుకోవాలా?" అని అడిగాడు ఒక పిల్లవాడు. అవును నాయనా, వదులుకోవాలి. మేం దాని ముక్కులోని పెద్ద రాడార్‌ను వదిలాం. ముక్కు సన్నబడి కిందికి వంగింది, పైలట్‌కు నేల బాగా కనబడుతుంది. ముక్కు బరువు తగ్గితే విమానం తోక మీదికి కూర్చుంటుంది కదా, అందుకు సరిగ్గా కాక్‌పిట్ కింద కవచం పలకలు వేశాం. నమూనాలో కూడా అక్కడ సీసం ముక్క పెట్టాల్సి వచ్చింది. లేకపోతే నిజంగానే తోక మీదికి కూర్చుంది!

అపోహ: ఓడ మీద దిగే విమానానికి కాళ్లు గట్టివి. కాబట్టి మట్టి రన్‌వే మీద కూడా హాయిగా దిగుతుంది.

వాస్తవం: కాళ్లు గట్టివే, అందులో సందేహం లేదు. ఓడ మీదికి దిగేటప్పుడు నేల మీదిలాగా ముక్కు ఎత్తి మెల్లగా తాకించరు, దిగుతున్న వేగంతోనే డెక్‌కు కొట్టిస్తారు. ఆ దెబ్బ తట్టుకునేట్టు ల్యాండింగ్ గేర్ చేస్తారు. చిక్కంతా టైర్ల దగ్గర. ఓడ డెక్ ఇనుము, గట్టిగా ఉంటుంది. అందుకని సన్నటి టైర్లు పెట్టి గాలి బాగా బిగించి కొడతారు. అదే టైరు మెత్తటి నేల మీద కత్తిలా దిగబడుతుంది. వానాకాలం దుక్కిలో సైకిల్‌ను, ట్రాక్టర్‌ను పక్కపక్కన ఊహించుకోండి.

దీనికి ఫాంటమ్‌ను చూపిస్తాను. అదీ నౌకాదళం కోసం పుట్టిన ఫైటరే. అమెరికా వైమానిక దళం దాన్ని తీసుకుని ఎఫ్-4సి అన్నప్పుడు, వెడల్పు ఎక్కువ, గాలి ఒత్తిడి తక్కువ ఉన్న టైర్లు వేసింది. వెడల్పు టైరు పాత గూటిలో పట్టలేదు. అందుకే చక్రం మడుచుకునే చోట రెక్క ఉబ్బింది. నమూనాలు చేసేవాళ్లు ఫాంటమ్ చేతికి రాగానే ముందు వేలితో తడిమేది ఆ ఉబ్బునే. లకుముకి రెక్కకు మేం పుట్టీ పెట్టి, సాండ్‌పేపర్‌తో మూడు వారాలు రుద్ది తెచ్చిన ఉబ్బు కూడా అదే. బయట చూసేవాళ్లకు అది వంకరగా కనిపిస్తుందేమో. నాకు మాత్రం ఈ విమానం కథంతా అక్కడే ఉంది.

అపోహ: నేలకు దించాక కొక్కెం, రెక్కల మడత తీసేస్తే సగం బరువు తగ్గిపోతుంది.

వాస్తవం: కొక్కెం అంటే దిగేటప్పుడు ఓడ డెక్ మీది కేబుల్‌ను పట్టుకుని విమానాన్ని ఆపేది. మడత అంటే ఓడలో చోటు కలిసిరావడానికి రెక్కను మడిచే ఏర్పాటు. ఫాంటమ్ వైమానిక దళానికి వెళ్లాక కూడా ఆ రెండూ ఉన్నాయి. మడత దగ్గర ఉండే కీలు రెక్క బరువు మోసే దారిలోనే ఉంటుంది. దాన్ని తీయడమంటే రెక్కను మళ్లీ మొదట్నుంచీ కట్టుకోవడమే. కొక్కెం సంగతి వేరు, అది నేల మీద కూడా పనికొస్తుంది. బ్రేకులు పోయినప్పుడు రన్‌వేకు అడ్డంగా ఉండే కేబుల్ పట్టుకుని ఆగవచ్చు. మేం రెండూ ఉంచాం. మడత మాత్రం మోటారుతో కాదు, చేత్తో వేసేది.

అపోహ: ఎంత వేగం ఉంటే అంత మంచి దాడి విమానం.

వాస్తవం: వాట్ వాళ్ల క్రూసేడర్ ధ్వని వేగాన్ని దాటే ఓడ ఫైటర్. దాని రూపం ఆధారంగా అదే కంపెనీ ఎ-7 అనే దాడి విమానం చేసింది, 1965లో మొదటిసారి ఎగిరింది. పొట్టి చేశారు, ఇంజిన్ వెనక అదనంగా ఇంధనం మండించి వేగం పెంచే ఆఫ్టర్‌బర్నర్ తీసేశారు, ధ్వని వేగం అందుకోదు. కానీ మోసే బరువు, పోయే దూరం పెరిగాయి. నౌకాదళం కోసం చేసిన దాన్ని వైమానిక దళం కూడా కొనుక్కుంది. ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

అపోహ: మన దగ్గర ఇలాంటివి ఎప్పుడూ లేవు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధ కలుగుతుంది. 1961లో మన నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక పాత విక్రాంత్ మీద ఎగిరిన సీ హాక్ మొదట ఫైటర్‌గా పుట్టిందే. బ్రిటన్‌లో తర్వాతి రకాలకు రెక్కను బలపరిచి బాంబులు, రాకెట్లు మోసేట్టు చేశారు. పాకిస్తాన్‌తో యుద్ధంలో 1971 డిసెంబర్ 4న విక్రాంత్ నుంచి లేచిన సీ హాక్‌లు ఇప్పటి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ విమానాశ్రయం మీద దాడి చేశాయి, తర్వాత చిట్టగాంగ్ మీద. అప్పటికి ఓడ బాయిలర్‌లో పగుళ్లున్నాయి, పూర్తి వేగంతో నడిచే స్థితి లేదు. ఓడ వేగం తగ్గితే డెక్ మీద ఎదురుగాలి తగ్గుతుంది. ఎదురుగాలి తగ్గితే విమానం మోసుకుని లేవగలిగే బరువు మీద ఆ దెబ్బ పడుతుంది. ఆ లెక్కలు చూసుకుంటూ డెక్ మీద పనిచేసినవాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు పులకరిస్తుంది. గోవా నేవీ మ్యూజియంలో సీ హాక్ ఉంది, వెళ్లినవాళ్లు దాని రెక్క మడత దగ్గర కాసేపు నిలబడండి.

అపోహ: సముద్రం వదిలి వచ్చాక తుప్పు గొడవ ఉండదు.

వాస్తవం: ఉప్పు అంత తేలిగ్గా వదలదు. సూళ్లూరుపేట, పులికాట్ పక్క ఇళ్లున్నవాళ్లకు ఇనుప గేటు సంగతి తెలుసు. అయితే విమానం బాడీ ఎక్కువగా అల్యూమినియం, అది ఎర్రగా తుప్పు పట్టదు. పెయింటు కింద చిన్న పొక్కు లేస్తుంది. గోటితో గీకితే తెల్లటి పొడి రాలుతుంది, పిండిలాగా. నా సర్వీసులో రివెట్ల వరస వెంట టార్చి పట్టుకుని వెతికింది ఆ పొడి కోసమే. మెగ్నీషియం ఇంకా సున్నితం. నిట్టనిలువుగా లేవగలిగే బ్రిటన్ విమానం హారియర్‌ను ఓడకు తగ్గట్టు సీ హారియర్‌గా మార్చినప్పుడు మెగ్నీషియం భాగాలు మార్చింది అందుకే. ఓడ నుంచి దిగిన విమానం కీళ్ల సందుల్లో ఉప్పును వెంట తెచ్చుకుంటుంది. పైనుంచి నేల దుమ్ము చేరి అక్కడే తేమను పట్టుకుని కూర్చుంటుంది.

అపోహ: నేల దాడి అంటే ఆకుపచ్చ, మట్టి రంగు మచ్చలు ఉండాల్సిందే.

వాస్తవం: కొరియా కొండల మీద తిరిగిన కోర్సెయిర్‌లు నిగనిగలాడే ముదురు సముద్ర నీలం రంగులోనే తిరిగాయి. కాబట్టి లకుముకిని నీలంగానే ఉంచినా తప్పు లేదు. అయినా పిల్లలకు శేషాచలం రంగు కావాలట. మొన్న చంద్రగిరి కోట ఎక్కి, ఎండిన పొదల రంగు, ఎర్రరాతి రంగు అట్టముక్కల మీద కలుపుకుని తెచ్చారు. ఆ రంగు కింద ముందు నీలం పూశాం. వచ్చే ఆదివారం స్క్రూల తలల దగ్గర, మెకానిక్ కాలు పెట్టి ఎక్కే చోట, రెక్క మడత అంచుల్లో పై రంగును సన్నటి సాండ్‌పేపర్‌తో గీకుతాం. అక్కడక్కడ నీలం బయటపడుతుంది.