చక్రవర్తి తేల్చాడా? 325 కాదు, 359 చూడండి

క్రైస్తవ బిషప్పులు 325లో కూడిన నీసియా సభకు 1700 ఏళ్లయిన సందర్భంగా 2025 నవంబరు 28న పోప్ లియో 14, ఆర్థడాక్స్ పేట్రియార్క్ బర్తొలొమయి తుర్కియేలోని ఇజ్నిక్‌లో, అంటే పాత నీసియాలో, కలిసి ప్రార్థన చేశారు. దాంతో పాత వాదన మళ్లీ పైకొచ్చింది: యేసును దేవుణ్ని చేసింది 325లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి వేయించిన ఓట్లేనట! తెలుగులో "యేసు దేవుడా, కాదా" అన్న చర్చ ఎక్కడ మొదలైనా ఈ మాట రాక మానదు.

నీసియా సంగతి తెలిసిందే. కుమారుడు లేని కాలం ఒకటుండేదన్న అలెగ్జాండ్రియా పాదిరి అరియస్ బోధను సభ తోసిపుచ్చి, కుమారుడు తండ్రితో 'హోమోఊసియోస్' అంటే ఒకే సారం గలవాడని రాసింది. కానీ ఆ మాటకు చక్రవర్తే కాపలా ఉన్నాడనుకుంటే పొరపాటు. దాని కోసం పోరాడిన అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియస్‌ను 335లో ట్రియర్‌కు వెళ్లగొట్టింది కాన్‌స్టాంటైనే. 337లో మరణశయ్య మీద ఆయన బాప్తిస్మం తీసుకున్నది కూడా అరియస్‌ను వెనకేసుకొచ్చిన నికొమీడియా బిషప్పు యూసేబియస్ చేతుల మీదుగానే.

అసలు పరీక్ష 359లో వచ్చింది. కాన్‌స్టాంటైన్ కొడుకు కాన్‌స్టాంటియస్ 'సారం' అనే మాటనే విశ్వాస ప్రమాణం నుంచి తీసేయాలనుకున్నాడు. "లేఖనాలు చెప్పినట్టు కుమారుడు తండ్రిని పోలినవాడు" అంటే చాలన్నాడు. పశ్చిమ బిషప్పులను, నాలుగు వందల మందికి పైగా, ఇటలీలోని రిమిని పట్టణానికి పిలిపించాడు. తూర్పువాళ్లకు సెల్యూషియాలో వేరే సభ పెట్టించాడు.

రిమినిలో అత్యధికులు నీసియా మాట చాలు, కొత్తది అక్కర్లేదన్నారు. కొత్త ప్రమాణం తెచ్చిన బిషప్పులు వాలెన్స్, ఉర్సాసియస్‌లను వెలివేశారు కూడా. చక్రవర్తి దగ్గరకు వెళ్లిన ప్రతినిధులను మాత్రం వారాల తరబడి కలవనివ్వలేదు. చివరికి అక్టోబరు 10న త్రేస్‌లోని నికే అనే ఊళ్లో వాళ్ల చేత సంతకాలు పెట్టించారు. ఊరి పేరు నీసియాకు దగ్గరగా ఉండేలా ఏరుకున్నారని ఆనాటి నీసియా పక్షంవాళ్ల ఆరోపణ. సంతకం పెట్టేదాకా ఎవరినీ ఇంటికి పంపొద్దని రిమినిలో ఉన్న అధికారి టారస్‌కు ఆజ్ఞ. చలికాలం ముంచుకొచ్చింది. ఒక్కొక్కరే లొంగగా ఇరవై మంది మిగిలారు.

వాళ్లను ఒప్పించడానికి వాలెన్స్ ఒక వాక్యం చేర్చాడు: "కుమారుడు ఇతర సృష్టములవంటి సృష్టము కాడు." విన్నవాళ్లు సృష్టమే కాడని అర్థం చేసుకుని లొంగారు. జాగ్రత్తగా చదివితే, సృష్టమే గానీ మిగతావాటి లాంటిది కాదన్న అర్థమూ అందులో ఇమిడిపోతుంది. 'ఇతర' అన్న ఒక్క మాటలోనే ఉంది కిటుకంతా. లోకమంతా మూలిగి, తాను అరియస్ పక్షమైపోయానని విస్తుపోయిందని బైబిలు పండితుడు జెరోమ్ తర్వాత రాశాడు.

అరియస్ పక్షంవాళ్లకూ ఆధారాలున్నాయి. 'హోమోఊసియోస్' అన్న గ్రీకు మాట లేఖనాల్లో లేదు. పైగా 268లో అంతియొకయ సభ అక్కడి బిషప్పు సమోసాతా పౌలును (అపొస్తలుడు కాదు) ఖండించినప్పుడు దాన్నీ తప్పుపట్టింది. "తండ్రి నాకంటె గొప్పవాడు" అన్న వచనం, సామెతలు 8:22లో మన బైబిల్లోనూ ఉన్న "కలుగజేసెను" వాళ్ల ప్రధాన బలం. దీనికి అథనాసియస్ జవాబు ఒకటే: లేఖనాల్లోని ఏ మాట ప్రతిపాదించినా అరియస్ పక్షం తలూపి, తన అర్థంలో ఒప్పుకునేది. అలా వంచడానికి వీల్లేని మాట కోసమే సభ లేఖనాల బయటికి వెళ్లింది. ఆరాధన సంగతి అంతకన్నా పాతది. క్రీస్తును దేవుడిగా ఎంచి విశ్వాసులు తెల్లవారకముందే పాడుతున్నారని 112 ప్రాంతంలో ప్లీనీ అనే రోమన్ అధికారి చక్రవర్తికి రాశాడు. అప్పటికి నీసియా ఇంకా రెండు శతాబ్దాల దూరంలో ఉంది.

చక్రవర్తి మాటే చెల్లేదైతే ఈ కథ 360లో ముగియాలి. 361లో కాన్‌స్టాంటియస్ చనిపోయాడు, గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) బిషప్పులు రిమిని ప్రమాణాన్ని వదిలేశారు. 362లో అలెగ్జాండ్రియాకు తిరిగొచ్చిన అథనాసియస్, లొంగిపోయినవాళ్లు నీసియాను ఒప్పుకుంటే చాలు, చేర్చుకుందామన్నాడు. 381 కాన్‌స్టాంటినోపుల్ సభకు థియొడోసియస్ చక్రవర్తి అండ ఉంది, నిజమే. అయితే అప్పటికే ఇరవై ఏళ్లుగా సంఘాలు తమంతట తాము వెనక్కి వస్తున్నాయి. ఈనాడు చర్చిల్లో 'నీసియా ప్రమాణం' పేరుతో చదివేది ఆ 381 నాటిదే.

రిమిని ప్రమాణం గోతులు అనే జర్మానిక్ తెగల దగ్గర మిగిలింది. 360లో దాన్ని ఒప్పుకున్న బిషప్పు ఉల్ఫిలాస్ దాన్ని వాళ్లకు అందించాడు. స్పెయిన్‌లోని విసిగోతులు దాన్ని 589 టొలీడో సభలో గానీ వదల్లేదు.