బోటు ఇంజన్ ఎల్బో విప్పి చూడాలి పిల్లలూ

చిరంజీవులకు ఆశీస్సులు.

ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదువుతున్న మీలో కొందరు రేపు విశాఖలోనో కాకినాడలోనో బోటు ఇంజన్ల మీద చెయ్యి వేస్తారు. లారీ ఇంజన్ తెలిసినవాడికి అక్కడ కొత్తగా కనిపించేది ఎగ్జాస్టు. అందుకే దాని గురించి రాస్తున్నాను.

లారీలో పొగ వేడిగానే గొట్టంలోంచి బయటికి పోతుంది. కొన్ని బోట్లలోనూ పొగ గొట్టాన్ని అలాగే పొడిగా పైకి లేపుతారు, వాటి సంగతి వేరు. మిగతా వాటిలో వందల డిగ్రీల వేడి గొట్టం చెక్క పక్కనుంచో ఫైబర్ పక్కనుంచో వెళ్తే నిప్పంటుకుంటుంది. కాబట్టి మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను ఒకచోట చేర్చే గొట్టం) దాటగానే ఒక ఎల్బో, అంటే వంపు గొట్టం, పెట్టి, ఇంజన్‌ని చల్లబరిచి వచ్చిన సముద్రపు నీటిని అక్కడే పొగలోకి వదులుతారు. ఆపైన రెండూ కలిసి రబ్బరు హోస్‌లో పోతాయి.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. ఎల్బో వేడికి నీరు ఆవిరై ఆ ఉప్పు గోడకు పేరుకుంటుంది. డీజిల్‌లోని గంధకం కాలి తేమతో కలిస్తే సల్ఫ్యూరిక్ ఆమ్లం అవుతుంది. 2020 ఏప్రిల్ నుంచి మన బంకుల్లో అమ్ముతున్న బీఎస్-6 డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్ళకు 10 పాళ్ళు మించకూడదు కనుక ఆమ్లం బాధ బాగా తగ్గింది. ఉప్పు బాధ ఎప్పటిలాగే ఉంది. పోత ఇనుము పొరలు పొరలుగా లేచిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు అని ధీమా పడొద్దు. ఉప్పు, వేడి కలిసిన చోట 316 రకానికి కూడా వెల్డింగు పక్కన సూది బెజ్జాలు పడతాయి.

ఈ తుప్పు చెదపట్టిన దూలం లాంటిది, పైన పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది. అయినా బయట కొన్ని గుర్తులు దొరుకుతాయి: జాయింటు కింద ఎర్రటి చార, హోస్ క్లిప్పు చుట్టూ తెల్లటి ఉప్పు పెళ్ళ. మసి మరక కనిపిస్తే మాత్రం వెంటనే ఇంజన్ ఆపించండి. పొగ లీకవుతోందన్నమాట. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, క్యాబిన్‌లో పడుకున్నవాళ్ళ ప్రాణం తీస్తుంది.

విప్పేముందు ఇంజన్ చల్లారనివ్వండి, సీకాక్ (సముద్రపు నీరు లోపలికి వచ్చే దారిలోని వాల్వు) మూయండి, బ్యాటరీ తీసేయండి. స్టడ్లకు (ఎల్బోను పట్టి ఉంచే మరలకు) ముందురోజే నూనె పట్టించండి. బలవంతంగా తిప్పితే విరిగి మానిఫోల్డ్‌లోనే ఉండిపోతాయి.

ఎల్బో చేతికొచ్చాక నీళ్ళు కలిసే చోట టార్చి వేయండి. మసీ ఉప్పూ గట్టిపడి దారి ఇరుకైపోయి ఉంటుంది. ఇంజన్ నల్లపొగ వదలడానికి, వేడెక్కడానికి ఒక్కోసారి ఇదే కారణం. పెళ్ళంతా గీకేశాక స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చండి, చిన్న సుత్తితో తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తినేసిన చోట శబ్దం చచ్చిపోతుంది.

నీళ్ళ జాకెట్టుకూ (ఎల్బోలో పొగదారి చుట్టూ నీళ్ళు పోయే ఖాళీ) పొగదారికీ మధ్య ఉన్న గోడ మీదే నా భయమంతా. అది చిల్లుపడితే బయటికి ఒక్క చుక్కా కారదు. ఇంజన్ ఆగాక నీళ్ళు వెనక్కి పాకి, వాల్వు తెరుచుకుని ఉన్న సిలిండర్‌లోకి దిగుతాయి. తెల్లారి స్టార్టు చేస్తే, నీరు గాలిలా అణగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. అందుకని ఎల్బోను నిలబెట్టి జాకెట్టులో, నీళ్ళు బయటపడే అంచు కిందివరకు నీళ్ళు నింపి ఒక రాత్రి ఉంచండి. లోపలి గోడ చెమర్చితే ఆ ఎల్బో పనికిరాదు. మానిఫోల్డ్ నోట్లోకి కూడా చూడండి. అక్కడ పొడి మసి ఉంటే సరే. ఎర్రటి తుప్పు కనిపిస్తే నీళ్ళు అప్పటికే అక్కడిదాకా వస్తున్నాయి.

చిల్లుపడ్డ పోత ఇనుముకు వెల్డింగు పెట్టమని యజమాని అడిగితే ఒప్పుకోకండి, కొత్తది వేయించండి. పాత గాస్కెట్ మళ్ళీ వాడకండి. బిగించాక ఇంజన్ పట్టకపోతే సీకాక్ మూయకుండా స్టార్టరు తిప్పుతూ కూర్చోవద్దు. పొగ లేనప్పుడు నీళ్ళను బయటికి నెట్టేదేమీ ఉండదు, సైలెన్సర్ నిండి అవి ఇంజన్‌లోకే వస్తాయి. పట్టాక సీకాక్ వెంటనే తెరిచి, బోటు వెనక పొగతోపాటు నీళ్ళు పడుతున్నాయో లేదో చూడండి.

ఎల్బో విప్పినప్పుడు లోపలి ఫోటో తీసి పంపండి, చూసి చెప్తాను.

మీ తాతయ్య