రోవర్ కథ మూడుసార్లు ఎందుకు తీశారు?

చిట్టీ, బన్నీ,

మొన్న సెలవుల్లో అటక మీది ఫిల్ము ముక్కని కిటికీ వెలుతురులో పెట్టి చూసి, "తాతయ్యా, సినిమా అంటే ఇదేనా?" అని అడిగారు కదా. మీ బస్సు టైమైపోయి సగంలో ఆపేశాను. మిగతాది ఇదిగో.

నేను టాకీసులో ఆపరేటరుగా ఉన్నప్పుడు, పది ఊళ్లు తిరిగాక గానీ ప్రింటు, అంటే తెర మీద ఆడించే ఫిల్ము కాపీ, మా ఊరికి వచ్చేది కాదు. మండుటెండ సీన్లో కూడా తెర మీద వాన కురుస్తున్నట్టు గీతలు! ప్రింటు అరిగితే ఇంకోటి వేయించుకోవచ్చు. కానీ ఆ కాపీలన్నీ దేన్నుంచి తీస్తారో ఆ అసలు ఫిల్ము, నెగెటివే అరిగిపోతే? ఇంగ్లండులో సెసిల్ హెప్‌వర్త్ అనే సినిమాలాయనకి ఆ చిక్కే వచ్చిపడింది.

ఆయన 1874లో లండన్‌లో పుట్టాడు. వాళ్ల నాన్న మ్యాజిక్ లాంతరుతో గోడ మీద బొమ్మలు చూపిస్తూ ఉపన్యాసాలిచ్చేవాడు. అది చూస్తూ పెరిగిన కొడుకు 1897లోనే, కదిలే బొమ్మల మీద ఒక పుస్తకం రాసేశాడు. తర్వాత థేమ్స్ నది ఒడ్డున వాల్టన్ అనే ఊళ్లో ఇల్లు తీసుకుని, పెరట్లోనే సినిమాలు తీయడం మొదలుపెట్టాడు.

1905లో 'రెస్క్యూడ్ బై రోవర్' వచ్చింది. నిర్మాత హెప్‌వర్త్, డైరెక్టరు లెవిన్ ఫిట్జ్‌హామన్. కథ రాసింది హెప్‌వర్త్ భార్య. అమ్మ వేషం ఆమెది, నాన్న వేషం ఆయనది, పసిపాప వాళ్ల కూతురే, కుక్క కూడా వాళ్లింటిదే! పాపని చూసుకునే ఆయా కబుర్లలో ఉండగా ఒకామె పాపని ఎత్తుకుపోతుంది. కుక్క రోవర్ వీధులు దాటి, నది ఈది పాపని కనిపెడుతుంది. మళ్లీ అదే దారిన ఇంటికొచ్చి యజమానిని వెంటబెట్టుకు వెళ్తుంది. ఆ వీధులు మనం అప్పటికే ఒకసారి చూసేసి ఉంటాం కాబట్టి, ఇంకెంత దూరమో మనకే తెలిసిపోతూ ఉంటుంది. మాట లేకుండా అంత టెన్షన్ పుట్టించడం నాకిప్పటికీ గొప్పగానే ఉంటుంది.

మొత్తం ఖర్చు 7 పౌన్ల 13 షిల్లింగుల 9 పెన్నీలు. ఒక్కో ప్రింటు 10 పౌన్లకు పైనే పలికింది, దాదాపు 400 అమ్ముడయ్యాయి. ప్రతి ప్రింటుకీ నెగెటివ్‌ని కొత్త ఫిల్ముకి ఆనించి మెషీన్లో లాగాలి. అన్నిసార్లు లాగితే ఏం మిగులుతుంది? పాడైపోయింది. సినిమా అంతా మళ్లీ తీశారు. అదీ అరిగింది. మూడోసారీ తీశారు!

ఆ తర్వాత చాలా ఏళ్లు బాగానే నడిచింది. కానీ ఆయన కాస్త మొండి. సీను మారినప్పుడల్లా బొమ్మ మెల్లగా చీకటైపోవాల్సిందే, టక్కున మారడం ఆయనకు గిట్టేది కాదు. లోకం వేగంగా ముందుకు పోతోంది, అప్పులు పెరిగాయి, 1924కల్లా కంపెనీ దివాలా తీసింది. ఫిల్ము పూతలో వెండి ఉంటుంది. దాని కోసం, దివాలా లెక్కలు చూసినవాళ్లు ఆయన నెగెటివ్‌లని కరిగించేశారు. ఒకప్పుడు గిరాకీకి అరిగిన నెగెటివ్‌లు, చివరికి అప్పులకు కరిగాయి. ఆయన మాత్రం 1953 దాకా బతికాడు.

అయినా అంతా పోలేదు. 1903లో ఆయనా పెర్సీ స్టోవూ కలిసి తీసిన 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' ప్రింటు ఒకటి చిరిగి, మరకలు పడి దొరికితే, 2010లో బాగుచేశారు. మీ అమ్మ ఫోన్లో పెట్టించుకుని చూడండి. అందులో పొదలో కూర్చున్న పిల్లి వాళ్లింటి పిల్లే. గీతలు పడుతుంటే ఫోన్ పాడైందనుకునేరు!

మీ తాతయ్య