పారాచూట్ ఉంది కదా, దూకలేదేం? లాంకాస్టర్ సిబ్బందిపై అపోహలు - వాస్తవాలు

ఇంగ్లాండ్‌లో లింకన్‌షైర్‌లోని ఒక విమాన మ్యూజియంలో వారాంతాల్లో గైడ్‌గా ఉంటాను. మిగతా రోజుల్లో నా పని విమానాల మరమ్మతు. రెండో ప్రపంచ యుద్ధంలో రాత్రిపూట జర్మనీ మీద బాంబులు వేసిన బ్రిటిష్ విమానం లాంకాస్టర్ ముందు నిలబడ్డవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "ఏడుగురికీ పారాచూట్లు ఉన్నాయిగా, దూకేయొచ్చుగా?" సరదాగా వచ్చినవాళ్లయితే రెండు ముక్కల్లో చెప్పేస్తా. చనిపోయినవాళ్ల కూతురో మనవడో అయితే మాత్రం అసలు ప్రశ్న వేరే ఉంటుంది. మా నాన్న భయంతో కొయ్యబారిపోయాడా? ఏళ్ల తరబడి లోపల దాచుకున్న ప్రశ్న అది.

కాదండీ. పారాచూట్ విమానంలో ఉంది, ఒంటిమీద లేదు. పైలట్ మాత్రం తన పారాచూట్ మీదే కూర్చునేవాడు. మిగతావాళ్లు పట్టీలు బిగించుకుని, మూటను దగ్గర్లో ఎక్కడో పెట్టుకునేవాళ్లు. తోక గన్నర్‌ది మరీ అన్యాయం, అతని మూట టరెట్ (అతను కూర్చునే తుపాకీ గది) తలుపుల బయట ఉండేది. 1944 మార్చిలో నికొలస్ ఆల్కమేడ్ అనే గన్నర్ తలుపు తీసి చూస్తే మూట తగలబడుతోంది. కాలి చావడం కన్నా నయమని 18,000 అడుగుల ఎత్తు నుంచి ఉత్త చేతులతో దూకేశాడు. పైన్ కొమ్మలు, కింద మంచు కాపాడాయి. ఈ కథ వాట్సాప్‌లో పంపి "చూశారా, దూకితే బతకొచ్చు" అనేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఆ యుద్ధంలో బాంబర్ కమాండ్‌లో, అంటే బ్రిటిష్ వైమానిక దళం బాంబర్ విభాగంలో, ఎగిరినవాళ్లు సుమారు 1,25,000 మంది, చనిపోయినవాళ్లు 55,573 మంది.

ఇక తలుపు దాకా వెళ్లడం. విమానం నడుమ రెక్కల్ని కలిపే స్పార్ అడ్డంగా గోడలా ఉంటుంది. నేను చేరిన కొత్తలో, మిట్టమధ్యాహ్నం, కదలని విమానంలో, పలచటి చొక్కాతో దాన్ని దాటబోయి మోకాలు కొట్టుకుని అక్కడే కూలబడ్డాను. వాళ్లు చీకట్లో, దళసరి బట్టల్లో, ఆక్సిజన్ గొట్టం, ఇంటర్‌కం వైరు ఊడదీసుకుని, గింగిరాలు తిరుగుతూ పడిపోతున్న విమానంలో దాటాలి.

ముందు వైపు నేలలో ఉన్న తలుపు వెడల్పు 22 అంగుళాలు. హాలిఫాక్స్ బాంబర్‌లో 24. బాంబర్ కమాండ్‌లో విమాన నష్టాల గణాంకాలు చూసిన శాస్త్రవేత్త ఫ్రీమన్ డైసన్ తర్వాత రాసినదాని ప్రకారం, కూలిన హాలిఫాక్స్‌ల నుంచి నూటికి 25 మంది బయటపడితే, లాంకాస్టర్‌ల నుంచి 15 మందే. ధైర్యం ఆ విమానంలో పెరిగి ఈ విమానంలో తగ్గదు కదా! నా దగ్గర ఆ కొలతకు కోసిన అట్ట ఒకటి ఉంది. మొన్న ఎనభై దాటిన పెద్దావిడ దాన్ని తల మీదుగా భుజాల దాకా దించుకుని చూసి, "నాన్న భుజాలు ఇంతకన్నా పెద్దవి" అంది. కాసేపు అట్ట తీయలేదు.

పైలట్ సంగతి వేరు. లాంకాస్టర్‌లో రెండో పైలట్ లేడు, పక్కన ఉండేది ఫ్లయిట్ ఇంజనీర్. దెబ్బతిన్న విమానంలో పైలట్ స్టిక్ వదిలేస్తే మిగతా ఆరుగురికీ దూకే వీలుండదు. అందుకే అతనిది చివరి వంతు, చాలాసార్లు ఆ వంతు రానేలేదు.

అసలు అంత టైమ్ ఎక్కడిది? 1943 నుంచి జర్మన్ నైట్ ఫైటర్లు పైకి కాల్చే తుపాకులతో కడుపు కిందికి వచ్చి, రెక్కల్లోని పెట్రోల్ ట్యాంకుల మీద కొట్టేవి. పక్క విమానం ఆకాశంలోనే పేలిపోతే, అది మనల్ని బెదిరించడానికి జర్మన్లు పేల్చే ఉత్తుత్తి గుండు అని సిబ్బందికి చెప్పేవాళ్లు. దానికి 'స్కేర్‌క్రో' అని పేరు కూడా ఉంది. అలాంటి గుండే లేదు. పేలినవన్నీ నిజం విమానాలే.

మిగతావి గబగబా చెప్పేస్తా. బ్రిటిష్ నైట్ ఫైటర్ పైలట్లు క్యారెట్లు తిని చీకట్లో చూశారనేది రాడార్ సంగతి దాచడానికి ప్రచారం చేసిన కథ. రాత్రికి నూటికి నాలుగు విమానాలే పోతే పెద్ద ప్రమాదం కాదంటారా? ఒక టూర్ అంటే 30 దాడులు. 0.96ను ముప్పైసార్లు గుణించి చూడండి, మిగిలేది నూటికి 29.

మనవాళ్లు వస్తే తప్పకుండా అడిగేది 'హైదరాబాద్ స్క్వాడ్రన్' గురించి. 110వ స్క్వాడ్రన్‌కు ఆ పేరు నిజమే, యుద్ధం ప్రకటించిన మర్నాడే, 1939 సెప్టెంబర్ 4న, దాని బ్లెనిమ్ బాంబర్లు జర్మన్ యుద్ధనౌకల మీద దాడికి వెళ్లిన మాటా నిజమే. కానీ అందులో ఎగిరింది హైదరాబాదీలు కాదు. 1918లో దాని విమానాలకు నిజాం డబ్బిచ్చాడు, పేరు అలా వచ్చింది.

చూడ్డానికి రండి. స్పార్ దగ్గర మోకాళ్లు జాగ్రత్త.